ఎండని వాగు ఒడ్డున ఎల్మ్‌బోర్న్

వెర్మాంట్ వెళ్ళొచ్చామంటే మిషిగన్‌లోని మా ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగువాళ్ళు మొదట అడిగేది ఆకుల సంగతే. అక్టోబరులో అక్కడి కొండలు ఎరుపూ పసుపూ రంగుల్లో మెరిసిపోతాయని, దారి పొడవునా కార్లు ఆపి ఫొటోలు తీసుకుంటారని అందరికీ తెలుసు. మేం వెళ్ళింది ఏప్రిల్ చివర్లో. ఒక్క చెట్టుకీ ఆకు లేదు. రోడ్లన్నీ బురద. కొండల నీడపట్టున ఇంకా మురికిపట్టిన మంచు. "ఈ టైమ్‌ల ఎవరన్నా పోతరా?" అని మా ఆయన రఘు స్నేహితుడొకడు నవ్వాడు. సరదాకి చేసిన ప్రయాణం కాదది. ఒక పెద్దావిడ కోసం వెళ్ళాం. ఆవిడ చూడాలనుకున్న ఊరు వేరే దేశంలో ఉంది. మేం తీసుకెళ్ళగలిగింది అదే పేరున్న ఇంకో ఊరికి.

ఆవిడ పేరు డొరొతీ. మా పక్కింటావిడ. ఎనభై దాటాయి. పెళ్ళయ్యాక నేను అమెరికా వచ్చిన కొత్తల్లో, డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేక, రఘు ఆఫీస్‌కి వెళ్ళాక గోడలు చూస్తూ కూర్చునే రోజుల్లో, తలుపు తట్టి "టీ తాగుతావా?" అని అడిగిన మొదటి మనిషి ఆవిడే. మా అమ్మకంటే పెద్దావిణ్ణి పేరు పెట్టి పిలవడానికి నోరు రాక "ఆంటీ" అన్నాను. "నేను నీకు ఎవరి తరఫు ఆంటీని?" అని పగలబడి నవ్వి, డొరొతీ అనమన్నారు. పిలుపు మార్చుకున్నాను గానీ, తెలుగులో తలుచుకున్నప్పుడు ఆవిడ నాకు ఇప్పటికీ డొరొతీ గారే. ఆవిడ మాటల్ని కూడా ఇక్కడ నా తెలుగులోనే రాస్తున్నాను.

డొరొతీ గారిది ఇంగ్లండ్‌లో విల్ట్‌షైర్ ప్రాంతంలో ఎల్మ్‌బోర్న్ అనే చిన్న పల్లె. అక్కడికి కొంత దూరంలో ఉన్న వైమానిక స్థావరంలో పనిచేసే అమెరికన్ కుర్రవాణ్ణి పెళ్ళి చేసుకుని, ఇరవై రెండేళ్ళ వయసులో డెట్రాయిట్ వచ్చేశారు. ఆయన కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరై, కొన్నేళ్ళ క్రితం పోయారు. ఒక్కడే కొడుకు, ఓరెగాన్‌లో ఉంటాడు. తల్లి అంత్యక్రియలకి వెళ్ళినదే ఆఖరుసారి, ఆ తర్వాత ఆవిడ ఊరు మొహం చూడలేదు. ప్రతి ఏడూ "వచ్చే వేసవిలో" అనేవారు. ఎట్టకేలకు కిందటేడు టికెట్ బుక్ చేసుకున్నారు. డాక్టరు విమానం ఎక్కొద్దన్నాడు. గుండె బాగాలేదని మాకు చెప్పారు. టికెట్ కేన్సిల్ చేసిన రోజు మా వంటింట్లో కూర్చుని, టీ పూర్తిగా చల్లారిపోయినా కప్పు రెండు చేతుల్తో పట్టుకునే ఉన్నారు.

రఘుకి మ్యాపులు చూసే పిచ్చి. ఆ వారంలోనే ఫోన్ పట్టుకొచ్చాడు. "వాణీ, ఇటు చూడు. వెర్మాంట్‌ల కూడా ఒక ఎల్మ్‌బోర్న్ ఉన్నది. డ్రైవ్ చేసి పోవచ్చు."

ఆ సంగతి డొరొతీ గారికి తెలుసు. "మా ఊరి నుంచి ఎప్పుడో కొన్ని కుటుంబాలు ఓడ ఎక్కాయి. వాళ్ళ మునిమనవలు అక్కడ అడవి కొట్టి, ఊరు కట్టుకుని మా పేరే పెట్టుకున్నారని చిన్నప్పుడు చర్చిలో చెప్పేవారు," అన్నారు. తర్వాత కాస్త ఆగి, "అయితే అక్కడా వాగు ఉంటుంది. వాగు లేకుండా ఊరికి బోర్న్ అని ఎవరు పెట్టుకుంటారు?" అన్నారు. ఆ మాటంటున్నప్పుడు ఆవిడ మొహం చూసి, వెళ్దాం అన్నది నేనే.

సరస్సు వెంట

మిషిగన్ నుంచి వెర్మాంట్‌కి కెనడా మీదుగా వెళ్తే దగ్గర. కానీ మేం ఏళ్ళ తరబడి గ్రీన్‌కార్డు లైన్లో నిలబడినవాళ్ళం. పాస్‌పోర్టుల్లో వీసా స్టాంపింగ్ గడువు ఎప్పుడో దాటింది. "అటు పోతే మళ్ల ఇటు రానిస్తరో లేదో. రిస్క్ ఎందుకు?" అన్నాడు రఘు. అందుకని ఒహాయో మీదుగా, ఎరీ సరస్సు పక్కనుంచి చుట్టు తిరిగి వెళ్ళాం. ఆ సంగతి వివరిస్తే డొరొతీ గారు వెనక సీట్లోంచి, "అంటే మీరూ నాలాగే. బయల్దేరాలని ఉన్నా గేటు దాటలేరు," అన్నారు.

దారిలో తినడానికి నేను పులిహోర చేసుకున్నాను. ఆవిడ అంచులు కోసేసిన బ్రెడ్డు మధ్య వెన్న రాసి, పల్చటి దోసకాయ ముక్కలు పేర్చి తెచ్చారు. ఉప్పు తప్ప ఇంకేమీ లేదు. రఘు రెండు తిని, మర్యాదకి మూడోది కూడా తిని, ఆ తర్వాత పులిహోర డబ్బా మీద పడ్డాడు. డొరొతీ గారు మాత్రం పులిహోరలో ఎండుమిరపకాయలు ఏరి అంచున పెట్టుకుంటూ చివరి మెతుకు దాకా తిన్నారు.

వాళ్ళ ఊరి నేల గురించి ఆ మధ్యాహ్నం విన్నంతగా నేను ఎప్పుడూ వినలేదు. వాళ్ళ కొండ లోపలంతా సుద్ద. గడ్డిని మడమతో గీకితే కింద తెల్లగా బయటపడుతుంది. "బ్లాక్‌బోర్డ్ మీద రాసేదా?" అన్నాడు రఘు. "అదే. కొండంత సుద్దముక్క," అన్నారు ఆవిడ. చెట్లుండవు. గొర్రెలు మేసి మేసి గడ్డి చాపలా ఉంటుంది. ఇళ్ళ గోడలకి నేలలో దొరికే చెకుముకి రాళ్ళు, వాటి మధ్య ఇటుక వరసలు, పైన రెల్లు కప్పు. సుద్ద స్పంజిలాంటిది కాబట్టి వాన పడిన నీరు పడినట్టే లోపలికి దిగిపోతుంది. కొండ మీద చుక్క నిలవదు. శీతాకాలమంతా తాగి తాగి కొండ నిండిపోయాక, ఫిబ్రవరిలో ఏదో ఒకరోజు కొండ కింది మడిలో గడ్డి మధ్య నీళ్ళు బుడబుడమని పైకొస్తాయి. ఏడాదిలో సగం రోజులు పొడి గుంటలా పడున్న వాగులోకి ఆ నీరు దిగి, ఊరి వీధి వెంట నడుచుకుంటూ వస్తుంది. బోర్న్ అంటే అదట. వచ్చి, కొన్ని నెలలుండి, వేసవిలో వెళ్ళిపోయే వాగు.

"ఫిబ్రవరి వచ్చిందంటే బడి వదలగానే అందరం పొడి వాగులో నడుచుకుంటూ ఎగువకి వెళ్ళేవాళ్ళం, నీళ్ళు ఎంతదాకా వచ్చాయో చూడ్డానికి. ముందు చూసినవాళ్ళు అరిచేవారు, 'లేచింది! లేచింది!' అని. ఆ కేక వినగానే మా అమ్మ చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చేది."

నాకు మా గుంటూరు వైపు కాలవలు గుర్తొచ్చాయి. పైనుంచి నీళ్ళు వదిలారని తెలియగానే పిల్లలమంతా గట్టు మీదికి పరుగెత్తేవాళ్ళం. చెత్తనీ ఎండుటాకుల్నీ ముందుకి తోసుకుంటూ, మూతి మీద నురగతో వచ్చే ఆ మొదటి నీటిని కాళ్ళకి తగిలించుకోవాలని పోటీ. ఆ సంగతి చెబితే డొరొతీ గారు ముందుకి వంగి, "నీళ్ళకి ముందు వాసన వస్తుంది కదా?" అన్నారు. వస్తుంది. తడిసిన దుమ్ము వాసన. భూమికి అటుకొసా ఇటుకొసా పుట్టిన ఇద్దరికీ అదే వాసన తెలుసు.

ఇప్పుడు ఆ వాగు లేవడం లేదట. దూరపు పట్టణాలకి కొండ కిందనుంచి నీళ్ళు తోడేస్తున్నారని, కొన్నేళ్ళ క్రితం ఆవిడ కజిన్ ఫోన్‌లో చెప్పింది. ఆ కజిన్ కూడా పోయింది. ఊళ్ళో ఇళ్ళన్నీ వారాంతాల్లో వచ్చే లండన్ వాళ్ళు కొనుక్కున్నారు. "అక్కడ నన్ను గుర్తుపట్టేవాళ్ళు లేరు. నేను గుర్తుపట్టగలిగేది ఆ నేల ఒక్కటే," అన్నారు.

ఒహాయోలో ఒక రెస్ట్ ఏరియా దగ్గర ఆగినప్పుడు చిన్న గొడవైంది. మేం బయటికి వచ్చేసరికి డొరొతీ గారు కారు దగ్గర లేరు. వెతికితే, మా కారు రంగే ఉన్న ఇంకో కారు వెనక సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్నారు. ఆ కారు యజమాని, గడ్డం పెంచిన భారీ మనిషి, తలుపు పట్టుకుని "మేడమ్, మిమ్మల్ని ఎక్కడ దింపాలో చెబితే దింపుతాను," అంటున్నాడు. అందరం నవ్వుకున్నాం. ఆవిడా నవ్వారు. ఆ సాయంత్రం దాకా అదే చెప్పుకుని నవ్వుకుంటూనే వెళ్ళాం.

ఆల్బనీలో భోజనం

మర్నాడు న్యూయార్క్ రాష్ట్రం అడ్డంగా దాటి, ఆల్బనీ దగ్గర మా సుమ ఇంట్లో దిగాం. కాలేజీలో నా క్లాస్‌మేట్. "రండి రండి. ఏమే, ఇంత చిక్కిపోయావేంటే?" అంటూ వాకిట్లోకి వచ్చింది. ఆరేళ్ళ వాళ్ళమ్మాయి డొరొతీ గార్ని కాసేపు తేరిపార చూసి, "అమ్మా, ఈ గ్రాండ్మా నా రూమ్‌లో స్లీప్ చేస్తుందా?" అని అడిగింది. "చేస్తారు అనాలి," అంది సుమ. "చేస్తారు. బట్ నా స్టఫ్డ్ యానిమల్స్ టచ్ చెయ్యకూడదు."

గోంగూర పప్పు, కాకరకాయ వేపుడు, మజ్జిగ పులుసు. రఘుని సుమ భర్త వీసా కబుర్లలోకి దింపాడు. వాళ్ళ ఆఫీస్‌లో లేఆఫ్ అయిన ఒకబ్బాయి వీసా ఇచ్చే గడువు అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్క, ఇల్లు అమ్మకానికి పెట్టాడట. ఏం మాట్లాడుతున్నారని డొరొతీ గారు అడిగితే రఘు ఇంగ్లిష్‌లో చెప్పాడు. ఆవిడ స్పూన్ కింద పెట్టారు.

"మాకూ అంతే. ఊళ్ళో ఇళ్ళన్నీ ఒక్క దొర కుటుంబానివి. మా నాన్న వాళ్ళ గొర్రెల కాపరి. ఆ పని ఉన్నన్నాళ్ళే మాకు ఆ ఇల్లు. నాన్న పోయిన నెలలోనే కొత్త కాపరి సామాను బండి మీద వచ్చింది. అమ్మ స్టవ్ ఆర్పి, బూడిద ఎత్తి, నేల తుడిచి మరీ ఇచ్చింది."

"మా హెచ్‌వన్‌బీ లెక్కనే ఉన్నది గదా," అన్నాడు రఘు నాతో, తెలుగులో.

భోజనం అయ్యాక సుమ పండ్లు కోసి ఇస్తుంటే డొరొతీ గారు ఆమె చెయ్యి నిమిరి, "థాంక్స్, జోన్," అన్నారు. జోన్ ఆవిడ అక్క. చిన్నతనంలోనే పోయిందని నాకు తెలుసు. రెండు రోజులు కారులో కూర్చుని అలిసిపోయారనుకున్నాం.

బురద కాలం

వెర్మాంట్‌లో శీతాకాలానికీ వసంతానికీ మధ్య ఇంకో ఋతువు ఉంది. దాన్ని వాళ్ళు బురద కాలం అంటారు. మంచు కరిగి మట్టి రోడ్లు హల్వాలా అవుతాయి. ఇది మాకు తెలిసేసరికి మా కారు ముందు చక్రాలు ఇరుసు దాకా దిగిపోయి ఉన్నాయి. ఊరింకా మైలు దూరం ఉందనగా, దగ్గరదారి అని ఫోన్ చూపించిన రోడ్డది. రఘు బూట్లు విప్పి దిగాడు. "నువ్వు స్టీరింగ్ పట్టు, నేను నెడ్తా," అన్నాడు. నేను గ్యాస్ పెడల్ నొక్కాను. కారు కదల్లేదు. రఘు మాత్రం నెత్తి నుంచి కాళ్ళ దాకా చాక్లెట్ రంగులోకి మారాడు.

కాసేపటికి ట్రాక్టర్ మీద ఒక ముసలాయన వచ్చాడు. పేరు వాల్టర్. పాల వ్యాపారం గిట్టక ఆవుల్ని అమ్మేసిన రైతు. గొలుసు తగిలించి లాగి, గట్టి నేల మీదికి చేర్చాక, "ఈ నెలలో మా ఊరు ఎవరూ రారే. ఏం పని మీద వచ్చారు?" అన్నాడు.

కిటికీ దించి డొరొతీ గారు చెప్పారు. "నేను ఎల్మ్‌బోర్న్ నుంచి వస్తున్నాను. అసలు ఎల్మ్‌బోర్న్ నుంచి."

వాల్టర్ టోపీ తీసేశాడు. ఆ ఊరి నుంచి వచ్చిన మనిషిని తన జీవితంలో చూడలేదట. శనివారాల్లో ఊరి చరిత్ర గది తెరిచి కూర్చునేది ఆయనే. "రండి. నేను చూపిస్తాను," అని ముందు ట్రాక్టర్, వెనక మా కారు, ఊరేగింపులా ఊళ్ళోకి తీసుకెళ్ళాడు.

గొర్రెలు తిరిగిన కొండలు

ఊరు చిన్నది. మధ్యలో గడ్డి మైదానం, దాని తలాపున సూదిలాంటి శిఖరంతో తెల్లటి చెక్క చర్చి, చుట్టూ తెల్లటి చెక్క ఇళ్ళు, ఒక కొట్టు. కొట్లో మేపుల్ చెట్టు రసంతో కాచిన పాకం అర లీటరు ఇరవై డాలర్లు. మా కాస్ట్‌కోలో అందులో సగం ఉండదు. డొరొతీ గారు కారు దిగి నిలబడి ఒక చుట్టు చూశారు. చర్చి చెక్కది. కొండలన్నీ అడవి. ఇళ్ళ పునాదుల్లో నల్లరాయి. చేతిసంచీ పట్టీని వేలికి చుట్టడం మొదలుపెట్టారు. టికెట్ కేన్సిల్ చేసిన రోజు టీ కప్పు కూడా ఇలాగే వదల్లేదు.

చరిత్ర గది గుమ్మం పైన చేత్తో రాసిన బోర్డు ఉంది. తమ ముందుతరాలు వదిలి వచ్చిన ఊరిలాగే ఈ లోయా, ఈ కొండలూ, ఈ వాగూ కనిపించడం వల్ల మొదటివాళ్ళు దీనికి ఆ పేరు పెట్టారని దాని సారాంశం. "నిజమేనా? అలాగే ఉందా?" అని వాల్టర్ ఆశగా అడిగాడు.

"లేదు," అన్నారు డొరొతీ గారు. అబద్ధం ఆడే మనిషి కాదు. "మా కొండ మీద ఒక్క చెట్టు ఉండదు."

వాల్టర్ నొచ్చుకోలేదు. లోపలికి వెళ్ళి ఫ్రేము కట్టిన పాత ఫొటో ఒకటి తెచ్చాడు. అదే చర్చి, అదే మైదానం. వెనక కొండలు మాత్రం నున్నగా, బోడిగా, గొర్రెలతో నిండి ఉన్నాయి. ఒకప్పుడు ఇక్కడ అడవంతా నరికి గొర్రెల్ని మేపారట. ఉన్నికి ధర పడిపోయాక సగం ఊరు పడమటికి వెళ్ళిపోయింది. అడవి మళ్ళీ కమ్ముకుంది. "ఇప్పుడు కూడా అడవిలోకి వెళ్తే రాతి గోడలు కనిపిస్తాయి. ఆ గోడల మధ్య గొర్రెలుండేవి," అన్నాడు.

డొరొతీ గారు ఫొటోని కిటికీ వెలుతురు దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశారు. "ఇదీ. ఇది మా ఊరే," అన్నారు. "నేను రావడమే ఆలస్యమైంది." ఆలస్యం ఆవిడ పుట్టుకకంటే ముందే అయిపోయింది. అయినా ఆ మాట ఆవిడ తనే తప్పు చేసినట్టు అన్నారు.

"వీళ్ళకంటే ముందు ఇక్కడ ఎవరుండేవాళ్ళు?" అని రఘు అడిగాడు. అబెనాకీ అనే ఆదివాసీ తెగవాళ్ళు ఉండేవాళ్ళని వాల్టర్ చెప్పాడు. "ఈ వాగుకి వాళ్ళు ఏదో పేరు పెట్టుకునే ఉంటారు. అదేంటో మా ఊళ్ళో ఎవరికీ తెలీదు. నేనూ పెద్దవయసు వచ్చేదాకా అడగలేదు."

వాగు చర్చి వెనక ఉంది. దగ్గరికి వెళ్ళకముందే హోరు వినిపించింది. మంచు కరిగిన నీళ్ళు గోధుమరంగులో రాళ్ళ మీద దూకుతూ పోతున్నాయి. రఘు "అబ్బ, ఏం ఫోర్స్ ఉన్నది!" అని వీడియో తీస్తున్నాడు. డొరొతీ గారు నా మోచెయ్యి పట్టుకుని ఒడ్డుదాకా వచ్చి వాల్టర్‌ని అడిగారు, "ఇది ఎప్పుడు ఎండుతుంది?"

"ఎండనే ఎండదు," అన్నాడు ఆయన గర్వంగా. "మా నాన్న చూడలేదు, మా తాత చూడలేదు. కింద గట్టి రాయి కదా, నీరు ఎక్కడికి పోతుంది?"

ఆవిడ పట్టు నా చేతి మీద సడలింది. "నీళ్ళు వెళ్ళిపోకపోతే ఇక దేనికి ఎదురుచూస్తారు?" అన్నారు. హోరులో వాల్టర్‌కి వినపడలేదు. మళ్ళీ అడగమని నేనూ అనలేదు.

ఆదివారం

తిరిగి బయల్దేరిపోదామా అని నేను ఆ రాత్రి మోటెల్లో అడిగాను. కానీ వాల్టర్ అప్పటికే ఆవిణ్ణి ఒప్పించాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి కింది హాల్లో అందరూ కాఫీకి కూడతారు. అప్పుడు అసలు ఎల్మ్‌బోర్న్ గురించి చెప్పాలి. ఆవిడ చెబుతుంటే ఆయన ఆ ఊరి పటం గీస్తాడు. పేరు పెట్టుకున్న ఊరు ఎలా ఉంటుందో ఇక్కడ ఎవరికీ తెలియకపోవడం ఆయనకి సిగ్గుగా అనిపించిందట. డొరొతీ గారు నీలం రంగు గౌను, ముత్యాల దండ వేసుకుని, నన్ను జుట్టు దువ్వమన్నారు. పెళ్ళికూతురిలా కంగారు పడుతున్నారని రఘు అంటే రఘు చేతి మీద చిన్న దెబ్బ వేశారు.

హాల్లో ఓ పాతికమంది దాకా ఉన్నారు. అంతా పెద్దవాళ్ళే. బయట చర్చి నీడలో మిగిలిన మంచుని బేసిన్లతో తెచ్చి, మీద వేడి మేపుల్ పాకం పోశారు. అది గడ్డకట్టి తీగలా సాగితే ఫోర్కులకి చుట్టుకుని తినాలి. పక్కన నంజుకోవడానికి పుల్లటి ఊరబెట్టిన దోసకాయ, ఒక డోనట్! మా ఇంట్లో అరిసెల పాకం తయారైందో లేదో చూడ్డానికి చల్లటి నీళ్ళలో చుక్క వేసి ఉండ చుట్టేవారు. ఆ ఉండ కోసం నేనూ మా చెల్లీ కొట్టుకునేవాళ్ళం. ఇక్కడ ఊరు ఊరంతా ఆ ఉండనే తింటోంది. దోసకాయ ఎందుకంటే, తీపి వెగటు పోయి ఇంకొంచెం తినగలగడానికట. తెలివైనవాళ్ళు.

వాల్టర్ గోడకి పెద్ద తెల్లకాగితం అంటించి పెన్సిల్ పట్టుకున్నాడు. డొరొతీ గారు కుర్చీ వద్దని నిలబడే మొదలుపెట్టారు.

"చర్చి మెట్ల దగ్గర్నుంచి కిందికి నడుద్దాం. ఎడమ చేతివైపు బడి. పక్కనే టీచరమ్మ ఇల్లు, కిటికీలో ఎప్పుడూ పిల్లి. ఆ తర్వాత కమ్మరి కొలిమి. గుర్రం నాడా కొడుతుంటే కాలిన గిట్ట వాసన మా తరగతిలోకి వచ్చేది. కుడి చేతివైపు రొట్టెల బట్టీ..."

ఇంటి పేర్లు, మనుషుల పేర్లు, ఎవరి గుమ్మానికి ఏ తీగ, ఎవరి కుక్క కరుస్తుంది, అన్నీ వస్తున్నాయి. వాల్టర్ చెయ్యి ఆగడం లేదు. హాల్లో ఫోర్కుల చప్పుడు కూడా ఆగిపోయింది. వీధి చివర, వాగుకి ఇటుపక్క ఆఖరిది గొర్రెల కాపరి ఇల్లు. అక్కడికి వచ్చేసరికి ఆవిడ కాగితం దగ్గరికి వెళ్ళి వేలు పెట్టారు. "ఇది మాది," అన్నారు. వాల్టర్ దాని చుట్టూ నక్షత్రం గీశాడు.

"ఇక వాగు దాటుదాం," అన్నారు. "దాటగానే మొదటి ఇల్లు. గుమ్మం బయట చెప్పులు వరసగా ఉంటాయి. చెప్పులతో లోపలికి వెళ్ళకూడదు, ఆ ఇంటి పద్ధతి అది. శనివారం పొద్దున్నే ఆ అమ్మాయి నన్ను పిలుస్తుంది. ఆవిరి మీద ఉడికించిన తెల్లటి బియ్యపు రొట్టెలు పెడుతుంది. గుండ్రంగా, మెత్తగా ఉంటాయి. కొబ్బరి పచ్చడితో."

"విల్ట్‌షైర్‌లో కొబ్బరా?" అని ఎవరో ఆశ్చర్యపోయారు.

"ఎప్పుడూ ఉంటుంది," అన్నారు డొరొతీ గారు, అందులో వింతేముందన్నట్టు. ఒకామె ఆ రొట్టెలు ఎలా చేస్తారని అడిగింది. బియ్యం, పప్పు ముందురోజే నానబెట్టి, రుబ్బి, పొంగనివ్వాలని డొరొతీ గారు చెప్పారు. నేను ఆవిడకి చెప్పిన మాటలే, నేను చెప్పిన వరసలోనే.

"ఆ ఇల్లు ఎవరిది?" వాల్టర్ పెన్సిల్ ఎత్తి అడిగాడు.

ఆవిడ హాలంతా చూశారు. నన్నూ చూశారు. చూపు నా మీద ఆగకుండా దాటిపోయింది. "పేరు నోట్లోనే ఉంది. వస్తుంది," అన్నారు. తర్వాతి ఇంటికి వెళ్ళిపోయారు. ఆ ఇంటి గరాజ్ మీద బాస్కెట్‌బాల్ రింగ్ ఉంది. దాని పక్కింట్లో ముగ్గురు కవల పిల్లలు.

రఘు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "వాణీ, ఇది మన గల్లీ గదనే," అన్నాడు, చెవిలో.

చప్పట్లు చాలాసేపు కొట్టారు. డొరొతీ గారు మొహం వెలిగిపోతుండగా వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఇప్పుడు నన్ను గుర్తుపట్టారు. "అన్నీ చెప్పానా, వాణీ? ఎవర్నీ వదల్లేదు కదా?"

"ఎవర్నీ వదల్లేదు," అన్నాను.

మధ్యాహ్నం ఆవిడ నిద్రపోయాక రఘు ఓరెగాన్‌కి ఫోన్ చేశాడు. డాక్టరు విమానం వద్దన్నది గుండె కోసం ఒక్కటే కాదని, ఒంటరిగా ప్రయాణం చేస్తే దారి తప్పిపోతారన్న భయంతో కూడా అని కొడుకు చెప్పాడు. అమ్మ ఎవరికీ చెప్పొద్దందట. ముఖ్యంగా పక్కింటివాళ్ళకి. ఫోన్ పెట్టేసి రఘు చాలాసేపు మోటెల్ బయట కారుకంటిన బురద కడుగుతూ ఉండిపోయాడు. వాకిలి దాటితే అందేంత దూరంలో ఆవిడ జ్ఞాపకంలో ఊరంతా చెక్కుచెదరకుండా ఉన్నన్నాళ్ళూ, ఒక కాగితం తీసుకుని కూర్చోవాలని మాకెవరికీ తోచలేదు. ఎప్పుడైనా వినొచ్చులే అనిపించే కథలు అవి.

సోమవారం పొద్దున

బయల్దేరేముందు డొరొతీ గార్ని కారులో కూర్చోబెట్టి, రఘుని పక్కన ఉండమని, నేనొక్కదాన్నే చరిత్ర గదికి వెళ్ళాను. వాల్టర్ అప్పటికే పటాన్ని గోడకి బిగించాడు. వాగుకి ఇవతలి ఇళ్ళ మీద సిరా దిద్దుతున్నాడు. చూడముచ్చటగా ఉంది. వాగు అవతల మా ఇల్లు కూడా ఉంది, రెల్లు కప్పుతో, గుమ్మం ముందు చిన్న చిన్న చెప్పులతో.

చెప్పకుండా వెళ్ళిపోవచ్చు. ఆ ఊరి గురించి ఈ దేశంలో ఉన్న కాగితం అదొక్కటే. తప్పుందని చెప్పేవాళ్ళు ఇంకెవరూ రారు. నిజం చెప్పాలంటే, ఆ చెప్పుల్ని చెరపమనడానికి నాకు మనసు రాలేదు. ఆవిడ మనసులో నా ఇల్లు ఆవిడ ఊళ్ళోకి నడిచి వెళ్ళిపోయింది. అంతకంటే ఎవరైనా నాకేం ఇవ్వగలరు? కానీ మా ఇల్లు నిలబడ్డ చోట ఇంకెవరో ఉండేవాళ్ళు. వాళ్ళకీ పేరుంటుంది, పిల్లో కుక్కో ఉంటుంది. వాగు లేచినప్పుడు వాళ్ళూ గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉంటారు.

చెప్పాను. వాల్టర్ తల వంచుకుని విన్నాడు. "ఎక్కడ్నుంచి?" అని మాత్రం అడిగాడు.

"వాగు దాటినప్పట్నుంచి."

వాగు అవతలిది ఇంకా పెన్సిల్ గీతల్లోనే ఉంది. రబ్బరు తీసుకుని ముందు గరాజ్ ఇల్లు చెరిపాడు, తర్వాత కవల పిల్లల ఇల్లు. మా ఇంటి దగ్గర ఆగి నా వైపు చూశాడు. నేను తలూపాను. చెప్పులు ఆఖర్న పోయాయి. కాగితం మీద కొంచెం మసక మిగిలింది.

"ఆ మొదటి ఇంట్లో నిజంగా ఎవరుండేవాళ్ళో ఒక్కసారి అడిగి చూడండి," అన్నాడు. "కొన్నిసార్లు పొద్దున్నపూట బాగా గుర్తుంటుంది. మీరు కారులోంచి చెయ్యి ఊపితే చాలు, నేనే వచ్చి రాసుకుంటాను."

కారు దగ్గరికి వచ్చాను. డొరొతీ గారు తేటగా ఉన్నారు. బాగా నిద్రపట్టిందన్నారు. సుమ కూతురి బొమ్మలకి వెళ్ళేటప్పుడు ఏదైనా కొందామన్నారు. వెనక తలుపు తెరిచి ఆవిడ పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని అడిగాను. "డొరొతీ, మీ ఊళ్ళో వాగు దాటగానే మొదటి ఇల్లు ఎవరిది?"

ఆవిడ నా మొహంలోకి చూశారు. జాలిగా, కాస్త ఆదుర్దాగా, చిన్నపిల్ల ఇంటి దారి మర్చిపోతే చూసినట్టు.

"నీదే కదా, వాణీ," అన్నారు. "నీకు గుర్తులేదా?"

రఘు అద్దంలోంచి నన్ను చూసి, కారు స్టార్ట్ చేశాడు. చరిత్ర గది కిటికీలో వాల్టర్ పెన్సిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఊపకూడదనుకుంటూనే, కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యెత్తాను. మాకు పేరు దొరికిందనుకుని, ఆ పెద్దాయన కోటు కూడా వేసుకోకుండా, బురదలో మా కారు వెనక పరుగెత్తుకుంటూ వచ్చాడు.